ఎంఎస్‌డబ్ల్యూ తర్వాత పరిశోధన: సర్కారు సాయం ఏ పద్దు కింద ఉంది?

ఎంఎస్‌డబ్ల్యూ చదివితే ఎన్జీవోలో చేరాలి, లేదంటే ఏదో కంపెనీలో హెచ్‌ఆర్‌కు వెళ్లాలి. క్యాంపస్‌లలో ఈ మాట ఎంతగా పాతుకుపోయిందంటే, మూడో దారి ఒకటి ఉందని చెప్పినా చాలామంది విద్యార్థులు నమ్మరు. ఆ మూడో దారి పరిశోధన. దానికి ప్రభుత్వమే డబ్బిస్తుంది. యూజీసీ జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000. ఇంటి అద్దె భత్యం, పుస్తకాలకూ ప్రయాణాలకూ కంటింజెన్సీ అదనం. చాలా స్వచ్ఛంద సంస్థలు కొత్తగా చేరినవారికి ఇచ్చే జీతం కన్నా ఇది ఎక్కువే.

అయితే ఒక చిక్కుంది. కేంద్ర బడ్జెట్ పత్రాల్లో 'సోషల్ వర్క్ పరిశోధన' అని ప్రత్యేకంగా ఒక పద్దు కోసం వెతికితే నిరాశే. వైద్యులకు, నర్సులకు, న్యాయవాదులకు చట్టబద్ధమైన మండళ్లు ఉన్నాయి. సోషల్ వర్కర్లకు మన దేశంలో అలాంటి మండలి ఇప్పటికీ లేదు. వైద్య పరిశోధనకు ఐసీఎంఆర్, వ్యవసాయ పరిశోధనకు ఐసీఏఆర్ ఉన్నట్లు ఈ సబ్జెక్టుకంటూ ఒక పరిశోధన మండలి కూడా లేదు. డబ్బు లేక కాదు, అది వేరే పేర్లతో ఉంది. కొంత విద్యాశాఖలో, కొంత సామాజిక న్యాయ శాఖలో, కొంత గిరిజన వ్యవహారాల్లో, ఇంకొంత మహిళా శిశు సంక్షేమంలో, ఆరోగ్యంలో, గ్రామీణాభివృద్ధిలో ఉంది. మీ ప్రశ్న ఏ శాఖ ముంగిట్లోకి వస్తుందో గుర్తుపట్టడమే ఈ రంగంలో మొదటి నైపుణ్యం. ఆ పని చేయలేక, సైన్స్ వాళ్లకే ఫెలోషిప్‌లుంటాయనుకుని ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

ఈ సబ్జెక్టు మన దగ్గర కొత్తదేమీ కాదు. 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేరిట మొదలైన సోషల్ వర్క్ పాఠశాలే నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. 1964లో అది డీమ్డ్ విశ్వవిద్యాలయమైంది. అక్కడి నుంచి వెలువడే ఇండియన్ జర్నల్ ఆఫ్ సోషల్ వర్క్ 1940 నుంచి వస్తోంది. యూజీసీ ఈ చదువుపై వేసిన సమీక్షా సంఘం 1965లోనే నివేదిక ఇచ్చింది. 1968లో ప్రణాళికా సంఘం సోషల్ వర్క్‌కు ఏకంగా ఒక విజ్ఞాన సర్వస్వాన్నే తెచ్చింది. అంటే ప్రభుత్వానికి ఈ సబ్జెక్టు తెలియక కాదు. చదువును గుర్తించింది కానీ వృత్తిని చట్టంలో పెట్టలేదు, పరిశోధనకు ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేయలేదు. అమెరికాలో 1991లో మానసిక ఆరోగ్య జాతీయ సంస్థ వేసిన టాస్క్‌ఫోర్స్ సోషల్ వర్క్ పరిశోధన వెనుకబడిందని చెప్పాక, ఆ సంస్థే డబ్బు పెట్టి కొన్ని విశ్వవిద్యాలయాల్లో ప్రత్యేక పరిశోధన కేంద్రాలు తెరిపించింది. మన దగ్గర అలాంటి అడుగు పడేదాకా ఉన్న పథకాలను వెతికి పట్టుకోవాల్సిందే.

నెట్‌తోనే మొదలు

జేఆర్‌ఎఫ్‌కు ఎంపిక యూజీసీ నెట్ ద్వారానే, కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది ఆ పరీక్షే. 2018 డిసెంబరు నుంచి దీన్ని ఎన్‌టీఏ నిర్వహిస్తోంది. ఏటా జూన్, డిసెంబరు పేర్లతో రెండు విడతలు. సోషల్ వర్క్ సబ్జెక్టు కోడ్ 10. పేపర్ 1లో 50 ప్రశ్నలు, పేపర్ 2లో 100 ప్రశ్నలు, మొత్తం 300 మార్కులు, మూడు గంటలు. తప్పు జవాబుకు మార్కులు కోయరు. పీజీలో 55 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్ కాని ఓబీసీ, దివ్యాంగులు, ట్రాన్స్‌జెండర్ అభ్యర్థులకు 50 శాతం చాలు. జేఆర్‌ఎఫ్‌కు వయసు 30 దాటకూడదు. ఈ వర్గాలతో పాటు మహిళలందరికీ ఐదేళ్ల సడలింపు ఉంది. జనరల్ కేటగిరీ అమ్మాయిల్లో చాలామంది ఈ సడలింపు తమకు వర్తించదనుకుని 30 దాటగానే ఆశ వదిలేస్తున్నారు. అలా వదలక్కర్లేదు.

ఎంఎస్‌డబ్ల్యూ చివరి ఏడాదిలో ఉండగానే నెట్ రాయొచ్చు. రాయాలి కూడా. థియరీ, రీసెర్చ్ మెథడాలజీ, గణాంక పద్ధతులు అప్పటికి తాజాగా ఉంటాయి. పట్టా పుచ్చుకుని రెండేళ్లు ఉద్యోగం చేసి తిరిగొచ్చేవారికి క్షేత్రం బాగా తెలుస్తుంది గానీ, పేపర్ 2లో అడిగే కేస్‌వర్క్ సిద్ధాంతాలు, గ్రూప్ వర్క్ దశలు మసకబారతాయి. పరిశోధన పద్ధతులు, సామాజిక విధానం, రాజ్యాంగం – సామాజిక న్యాయం – మానవ హక్కులు అనే మూడు యూనిట్లను గట్టిగా పట్టుకోండి. మిగతావి ఎలాగూ ఎంఎస్‌డబ్ల్యూలో చదివినవే. హెచ్‌ఆర్ స్పెషలైజేషన్ చేసినవారికి లేబర్ వెల్ఫేర్, పర్సనెల్ మేనేజ్‌మెంట్ పేరుతో కోడ్ 55 సబ్జెక్టు కూడా ఉంది. రెండు సిలబస్‌లూ పక్కపక్కన పెట్టుకుని చూశాకే దేనికి దరఖాస్తు చేయాలో తేల్చుకోండి.

తెలుగు మీడియంలో డిగ్రీ చేసి వచ్చినవారికి ఒక మాట. నెట్ ప్రశ్నపత్రం ఇంగ్లిషు, హిందీల్లోనే ఉంటుంది. విషయం తెలిసినా ప్రశ్న అర్థంకాక మార్కులు పోగొట్టుకునేవారు తక్కువేం కాదు. దీనికి కోచింగ్ కన్నా పాత ప్రశ్నపత్రాలే మంచి మందు. ఇన్‌ఫ్లిబ్‌నెట్‌లో ఉచితంగా దొరికే ఈ-పీజీ పాఠశాల సోషల్ వర్క్ పాఠాలను దగ్గర పెట్టుకుని, పాత ప్రశ్నల్లోని పారిభాషిక పదాలను ఒక్కొక్కటే విడదీసి చదివితే నాలుగైదు నెలల్లో ఆ భయం పోతుంది.

2024 జూన్ విడత నుంచి నెట్ ఫలితాన్ని మూడు రకాలుగా ఇస్తున్నారు. పైన జేఆర్‌ఎఫ్. దాని కింద అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం. మూడోది పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. రెండు, మూడు కేటగిరీల వారికి పీహెచ్‌డీ ప్రవేశాల్లో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఇస్తారు. ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది. ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. మూడో కేటగిరీలో పాసైతే సీటుకు దారి దొరుకుతుంది గానీ, దాంతోనే నెలనెలా డబ్బు రాదు. అలాగే ఆంధ్రప్రదేశ్ సెట్, తెలంగాణ సెట్ అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు పనికొస్తాయి. ఫెలోషిప్‌కు వాటితో సంబంధం లేదు. సెట్ పాసయ్యాను కాబట్టి స్కాలర్‌షిప్ వస్తుందని పీహెచ్‌డీలో చేరి, ఆరు నెలల తర్వాత నిజం తెలుసుకున్నవారు మన విశ్వవిద్యాలయాల్లో కనిపిస్తారు.

నెట్ మీదే బతుకును పందెం కాయొద్దు. 2024 జూన్ 18న జరిగిన పరీక్షను మర్నాడే రద్దు చేసి, ఆగస్టు 21 నుంచి సెప్టెంబరు 4 వరకు కంప్యూటర్ పద్ధతిలో మళ్లీ పెట్టారు. ఆ మధ్య కాలంలో ఎందరి పీహెచ్‌డీ ప్రవేశాలు, అద్దె ఇళ్లు, ఉద్యోగ నిర్ణయాలు గాల్లో వేలాడాయో లెక్కలేదు. పరీక్షకు చదువుతూనే ఏదో ఒక ప్రాజెక్టులో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చేరడం తెలివైన పని. దాని గురించి తర్వాత చెబుతాను.

కులం, వర్గం ఆధారంగా వచ్చే ఫెలోషిప్‌లు

జేఆర్‌ఎఫ్ తృటిలో తప్పిపోయినవారికి అసలు ఊరట ఇక్కడే ఉంది. ఎస్సీ విద్యార్థులకు జాతీయ ఫెలోషిప్ కింద ఏటా 2,000 స్లాట్లు ఉంటే, వాటిలో 1,500 మానవీయ, సామాజిక శాస్త్రాలకే కేటాయించారు. ఓబీసీలకు 1,000 ఉంటే అందులో 750 యూజీసీ నెట్ రాసినవారికి. అంటే ఈ రెండు పథకాల్లోనూ పెద్ద వాటా మన వైపే ఉంది. సైన్స్ వాళ్లదే హవా అన్న అపోహ ఇక్కడ తలకిందులవుతుంది. ఎస్టీ విద్యార్థులకు గిరిజన వ్యవహారాల శాఖ ఏటా 750 ఇస్తుంది. దీని ఎంపికకు పీజీ మార్కులే ఆధారం. అరకు, ఉట్నూరు, ఏటూరునాగారం వైపు నుంచి వచ్చి ఎంఎస్‌డబ్ల్యూ చేసిన విద్యార్థులు పీజీ మార్కులను నిర్లక్ష్యం చేయకూడదనేది అందుకే. దివ్యాంగులకు వేరే జాతీయ ఫెలోషిప్ ఉంది. తల్లిదండ్రులకు ఒక్కతే సంతానమైతే, పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయికి యూజీసీ వారి సావిత్రీబాయి జోతీరావ్ ఫులే ఫెలోషిప్ ఉంది. ఇంట్లో ఒక్కగానొక్క సంతానమై ఉండీ దీని పేరే విననివారు చాలామంది ఉన్నారు. దరఖాస్తులు పిలిచే తేదీలను యూజీసీ సైట్‌లో చూస్తూ ఉండాలి.

మైనారిటీ విద్యార్థులకు మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ ఉండేది. 2022–23 నుంచి కేంద్రం దాన్ని ఆపేసింది. ఇతర పథకాలతో పునరుక్తి అవుతోందన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. ముస్లిం ఓబీసీ విద్యార్థులు ఓబీసీ ఫెలోషిప్‌కు వెళ్లొచ్చు. అందులోకి రానివారికి మాత్రం నిజంగానే ఒక దారి మూసుకుపోయింది. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ విభాగం ఉంది కాబట్టి మన దగ్గర ఈ దెబ్బ నేరుగానే తగిలింది.

ఇంకో తలుపు 2022లో మూసుకుంది. విదేశాల్లో చదివే ఎస్సీ తదితర విద్యార్థులకిచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మార్గదర్శకాల్లో, భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజంపై చేసే పరిశోధన అంశాలకు ఈ సాయం వర్తించదని చేర్చారు. మన ఊళ్లో అంటరానితనం గురించో, జోగినీ దురాచారం గురించో విదేశీ విశ్వవిద్యాలయంలో పరిశోధించాలనుకునే దళిత విద్యార్థికి ఈ నిబంధన పెద్ద గోడ. నా అభిప్రాయంలో ఇది తప్పుడు నిర్ణయం. కానీ దరఖాస్తు చేసేవాడికి అభిప్రాయం కన్నా నిబంధన ముఖ్యం. విదేశీ చదువుకు ప్రణాళిక వేసుకుంటున్నవారు అంశం ఖరారు చేసే ముందే ఆ ఏడాది మార్గదర్శకాలు చదవండి.

ఐసీఎస్‌ఎస్‌ఆర్: మన హైదరాబాద్‌లోనే ఒక కిటికీ

1969లో ఏర్పడిన భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి, అంటే ఐసీఎస్‌ఎస్‌ఆర్, సోషల్ వర్క్‌ను అనుబంధ శాస్త్రాల జాబితాలో చేర్చింది. ముఖ్య జాబితాలో ఆర్థిక శాస్త్రం, సమాజ శాస్త్రం, రాజనీతి శాస్త్రం ఉంటే మన సబ్జెక్టు పక్క వరుసలో కూర్చుందన్నమాట. గౌరవం సంగతి ఎలా ఉన్నా, అర్హతకు మాత్రం ఢోకా లేదు. ఈ మండలి ఇచ్చే డాక్టోరల్ ఫెలోషిప్‌కు పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ ఖరారై ఉండాలి. నెలకు 20,000 రూపాయలు, ఏటా మరో 20,000 కంటింజెన్సీ, గరిష్ఠంగా రెండేళ్లు. జేఆర్‌ఎఫ్‌తో పోలిస్తే తక్కువే. కానీ వయసు పరిమితి 40. జేఆర్‌ఎఫ్ వయసు దాటిపోయి, కొన్నాళ్లు క్షేత్రంలో పనిచేసి వచ్చినవారికి ఇదే సరైన చోటు. ఐదారేళ్లు బాలల సంరక్షణ విభాగంలోనో, స్వయం సహాయక సంఘాలతోనో పనిచేసినవారి ప్రతిపాదనలో ఉండే బలం, నేరుగా పీజీ నుంచి వచ్చినవారి కాగితాల్లో అరుదుగా కనిపిస్తుంది.

ఐసీఎస్‌ఎస్‌ఆర్ దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఎక్కడో కాదు, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే ఉంది. పరిశోధక విద్యార్థులు గ్రంథాలయాలకు, సమాచార సేకరణకు వెళ్లడానికి చిన్న మొత్తాల స్టడీ గ్రాంట్లు, సదస్సులకు సాయం ఇలాంటి ప్రాంతీయ కేంద్రాల పని. బేగంపేటలోని సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్) ఐసీఎస్‌ఎస్‌ఆర్ గుర్తింపు పొందిన పరిశోధన సంస్థ. మండలి డబ్బుతో విశ్వవిద్యాలయాలు పెట్టే పది రోజుల రీసెర్చ్ మెథడాలజీ కోర్సులు కూడా ఉన్నాయి. పీహెచ్‌డీ తొలి ఏడాదిలో ఇలాంటి కోర్సు ఒకటి చేస్తే గణాంక సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్ అంటే ఉన్న భయం పోతుంది, ఇతర రాష్ట్రాల పరిశోధకులు పరిచయమవుతారు. తర్వాత ఆ పరిచయాలే ఎక్కువ పనికొస్తాయి.

పీహెచ్‌డీ పూర్తయ్యాక, అధ్యాపకులయ్యాక వచ్చేవి రీసెర్చ్ ప్రాజెక్టులు. ఐసీఎస్‌ఎస్‌ఆర్ మేజర్, మైనర్ ప్రాజెక్టులకు ప్రతిపాదనలు పిలుస్తుంది. వడపోత, నిపుణుల ముందు ప్రెజెంటేషన్, ఆ తర్వాత విడతలుగా డబ్బు. 2018 అక్టోబరులో ఇంప్రెస్ పేరుతో కేంద్రం ఒక పథకం తెచ్చి, 1,500 సామాజిక శాస్త్ర ప్రాజెక్టులకు 414 కోట్ల రూపాయలు కేటాయించింది. 2021 మార్చి వరకే దాని గడువు. అప్పటి నుంచి విధానానికి పనికొచ్చే పరిశోధన అన్న ధోరణి గట్టిపడింది. ప్రతిపాదన రాసేవారు ఆ గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి.

చేరే ముందు విశ్వవిద్యాలయం చూసుకోండి

ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. జేఆర్‌ఎఫ్ లేకపోయినా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తే యూజీసీ నాన్-నెట్ ఫెలోషిప్ కింద నెలకు 8,000 రూపాయలు వస్తాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అది లేదు. 2015 అక్టోబరులో యూజీసీ ఈ ఫెలోషిప్‌ను ఎత్తేస్తామంటే ఢిల్లీలో విద్యార్థులు యూజీసీ కార్యాలయం ముందు రోజుల తరబడి బైఠాయించారు. ఈ సొమ్ముకు పేద విద్యార్థి జీవితంలో ఉన్న విలువ ఆ ఉద్యమంలో కనిపించింది. ఎనిమిది వేలు ఇప్పుడు హాస్టల్ మెస్ బిల్లుకూ బస్ టికెట్లకూ సరిపోతే గొప్పే. అయినా ఏమీ లేనిదానికన్నా నయం. సోషల్ వర్క్ విభాగం ఉన్న కేంద్రీయ విశ్వవిద్యాలయాలు మనకు దగ్గర్లోనే ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉర్దూ విశ్వవిద్యాలయం, సరిహద్దు దాటితే కలబురగిలోని కర్ణాటక కేంద్రీయ విశ్వవిద్యాలయం, తిరువారూర్‌లో తమిళనాడుది, పుదుచ్చేరి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఆంధ్ర, ఉస్మానియా, కాకతీయ, శ్రీ వేంకటేశ్వర, శ్రీకృష్ణదేవరాయ, నాగార్జున, తిరుపతి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి. వీటిలో మంచి గైడ్‌లు ఉన్నారు, కానీ ఫెలోషిప్ మీరే తెచ్చుకోవాలి.

2022 నవంబరులో వచ్చిన యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలు ఎంఫిల్‌ను ఎత్తేశాయి. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మహిళలకు ప్రసూతి, శిశు సంరక్షణ కోసం 240 రోజుల దాకా సెలవుంది. పార్ట్‌టైం పీహెచ్‌డీకి అవకాశం ఉంది కానీ, ఈ ఫెలోషిప్‌లన్నీ ఫుల్‌టైం వారికే. ఎంఫిల్ పోవడంతో సోషల్ వర్క్‌లో ఒక విచిత్రమైన సమస్య వచ్చింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అనిపించుకోవాలంటే పీజీతో పాటు రెండేళ్ల ఎంఫిల్ ఉండాలి. చట్టం అడిగే డిగ్రీని నిబంధన రద్దు చేసింది. దాంతో క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎంఫిల్‌లకు మాత్రం 2025–26 దాకా గడువు పొడిగించారు. బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట్ల స్టైపెండ్‌తో చదివే ఈ కోర్సుపై ఆశపెట్టుకున్నవారు దాని స్థానంలో ఏ అర్హత వస్తోందో కనుక్కున్నాకే అడుగు వేయాలి. ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలల్లో, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో ఉద్యోగాలు ఈ అర్హతపైనే ఆధారపడి ఉంటాయి.

ప్రశ్న బాగుంటేనే డబ్బు

శోధగంగ సైట్‌లోకి వెళ్లి సోషల్ వర్క్ థీసిస్‌ల శీర్షికలు ఒక గంట చదవండి. 'ఫలానా జిల్లాలో ఫలానా వర్గం సామాజిక ఆర్థిక స్థితిగతులు: ఒక అధ్యయనం' అన్న మూస శీర్షికలు కుప్పలుగా కనిపిస్తాయి. జిల్లా మారుతుంది, వర్గం మారుతుంది, ప్రశ్నావళి మాత్రం అదే. నిపుణుల కమిటీ ముందు ఇలాంటి ప్రతిపాదన నిలబడదు. స్థితిగతులు వర్ణించడానికి సమాజ శాస్త్రవేత్తలు, ఆర్థిక శాస్త్రవేత్తలు చాలు. సోషల్ వర్క్ పరిశోధకుడి దగ్గర మాత్రమే ఉండే ప్రశ్న వేరు: ఏ జోక్యం పనిచేసింది, ఏది పనిచేయలేదు, ఎందుకు?

ఎర్రగడ్డ ఆస్పత్రిలో ఫీల్డ్ వర్క్ చేసిన విద్యార్థి, డిశ్చార్జి అయి పల్లెకు వెళ్లిన రోగి ఎన్నో నెలలో మందులు మానేస్తున్నాడో, ఆ సమయంలో ఇంట్లో ఎవరు ఏం చేస్తున్నారో అడిగితే అది పరిశోధన. అది ఆరోగ్య శాఖ గడపకు వెళ్లే ప్రశ్న. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో మనుషులు ఎందుకు పోతున్నారో తేల్చడం వైద్యుల పని. ఇంటి పెద్ద డయాలిసిస్‌కు పోతే ఆ ఇంటి ఆడపిల్ల బడి మానేస్తోందా, పింఛను ఆ ఇంటిని నిలబెడుతోందా అన్నది మనది. జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్లి తిరిగొచ్చినవారి కుటుంబాలు, నల్లమల చెంచు గూడేల్లో అంగన్‌వాడీ పనితీరు, పాలమూరు వలస కూలీల పిల్లలకు సీజనల్ హాస్టళ్లు... ఇవన్నీ ఏదో ఒక శాఖ డబ్బు ఖర్చుపెడుతున్న చోట్లే. ఆ శాఖకు జవాబు కావాలి. మహిళా శిశు సంక్షేమ శాఖకు పరిశోధన గ్రాంట్ల పథకం ఉంది. గిరిజన అంశాలకు హైదరాబాద్‌లో, విశాఖలో గిరిజన పరిశోధన సంస్థలున్నాయి. వాటికి కేంద్ర నిధులు వస్తాయి. గ్రామీణాభివృద్ధికి రాజేంద్రనగర్‌లో ఎన్‌ఐఆర్‌డీపీఆర్, మేధో వైకల్యాలకు సికింద్రాబాద్‌లో ఎన్‌ఐఈపీఐడీ ఉన్నాయి. పరిశోధన చేసుకునే విద్యార్థికి హైదరాబాద్ ఇచ్చేన్ని సంస్థలను దేశంలో చాలా నగరాలు ఇవ్వలేవు.

ఇక డబ్బు రూపంలో కాకుండా వచ్చే సర్కారు సాయం ఒకటుంది. దాని గురించి మనవాళ్లు అసలు మాట్లాడరు. జాతీయ నమూనా సర్వేల యూనిట్ స్థాయి సమాచారం గణాంక శాఖ మైక్రోడేటా సైట్‌లో ఉచితం. 2018లో జరిగిన 76వ రౌండు దివ్యాంగులపై చేసిన సర్వే. ఇంట్లో వారిని ఎవరు చూసుకుంటున్నారు వంటి వివరాలు అందులో ఉన్నాయి. వృద్ధాప్యంపై ముంబైలోని ఐఐపీఎస్ చేసిన లాసీ సర్వేలో 45 ఏళ్లు దాటినవారు, వారి జీవిత భాగస్వాములు కలిపి 72,000 మందికి పైగా ఉన్నారు. ఇలాంటి సర్వేలకు ప్రభుత్వం కోట్లు ఖర్చుపెట్టింది. ఆ సమాచారంపై మీరు కూర్చుని పనిచేస్తే మీకయ్యే ఖర్చు ల్యాప్‌టాప్, కరెంటు. 2025 జనవరిలో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌తో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో సుమారు 13,000 జర్నళ్లు చదువుకునే వీలు కలిగింది. మీ లైబ్రరీలో లాగిన్ అడగండి. ఇవ్వకపోతే మళ్లీ అడగండి.

డబ్బు వచ్చాక, రాకముందు

ఫెలోషిప్ మంజూరైతే కష్టాలు తీరిపోతాయని అనుకోవద్దు. జేఆర్‌ఎఫ్ సొమ్ము నేరుగా ఖాతాలో పడుతుంది, కానీ ప్రతి నెలా విశ్వవిద్యాలయంలో మేకర్, చెకర్ అనే ఇద్దరు ఉద్యోగులు పోర్టల్‌లో మీ పేరును ధ్రువీకరించాలి. వారిలో ఒకరు సెలవు పెడితే మీకు ఆ నెల డబ్బు లేదు. హెచ్‌ఆర్‌ఏ కాగితం, ఆధార్ అనుసంధానం, ప్రగతి నివేదిక... వీటిలో ఏది ఆగినా సొమ్ము ఆగుతుంది. రెండేళ్ల తర్వాత సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్)కు మారాలంటే గైడ్, విభాగాధిపతి, బయటి నిపుణుడితో కమిటీ కూర్చుని మీ పనిని చూడాలి. ఆ తేదీకి రెండు నెలల ముందే గుర్తుచేయడం మీ పనే, వాళ్లది కాదు. ఎస్సీ, మైనారిటీ ఫెలోషిప్‌లలో నెలల తరబడి ఆలస్యాలు జరిగాయని విద్యార్థులు రోడ్డెక్కిన సందర్భాలున్నాయి. అందుకే మొదటి మూడు నాలుగు నెలలు గడవడానికి కాస్త డబ్బు చేతిలో ఉంచుకుని చేరండి. ఇంటి దగ్గర పరిస్థితి అనుకూలించకపోతే ఈ విషయం గైడ్‌తో మొదటి రోజే చెప్పండి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అనుమతుల విషయం ఇంకా పెద్దది. మనం పనిచేసేది ఆస్పత్రుల్లో, జైళ్లలో, బాలసదనాల్లో, గిరిజన గూడేల్లో. ఆస్పత్రికి ఎథిక్స్ కమిటీ అనుమతి, బాలల సంస్థలకు శాఖ అనుమతి, ఏజెన్సీ ప్రాంతానికి ఐటీడీఏ అనుమతి కావాలి. బాలన్యాయ చట్టం, 2015లోని 74వ సెక్షన్ ప్రకారం పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదు. మీ థీసిస్‌లో ఊరి పేరు, బడి పేరు, తల్లి వృత్తి కలిపి రాస్తే చాలు, పేరు రాయకపోయినా గుర్తుపట్టేస్తారు. ఈ అనుమతులకు ఒక్కోసారి ఏడాది పడుతుంది. కోర్స్‌వర్క్ జరుగుతుండగానే దరఖాస్తులు పెట్టేయాలి. మూడో ఏట మొదలుపెడితే ఫెలోషిప్ గడువు అయిపోయాక డేటా చేతికొస్తుంది.

ఫెలోషిప్ రానివారు ప్రాజెక్టుల్లో చేరాలని ముందు అన్నాను. ఐసీఎస్‌ఎస్‌ఆర్, ఎన్‌ఐఆర్‌డీపీఆర్, విశ్వవిద్యాలయాల ప్రాజెక్టులు నడిచినంత కాలం రీసెర్చ్ అసోసియేట్, రీసెర్చ్ అసిస్టెంట్, ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ పోస్టులు ఉంటాయి. ప్రకటనలు సంస్థల వెబ్‌సైట్లలో పది పదిహేను రోజులకు మించి ఉండవు. ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీకి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికే దారి చూపింది. 2009లో దానికోసం ప్రత్యేక సొసైటీనే ఏర్పాటు చేసింది. తనిఖీ పనిలో ఊరూరా తిరిగి, మస్టర్లు చదివి, గ్రామసభలో నిలబడినవారికి ఒక పరిశోధకుడికి కావాల్సిన మొదటి శిక్షణ అక్కడే అందుతుంది.

పీహెచ్‌డీ తర్వాత అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం ఖాయమని ఎవరైనా చెబితే నమ్మొద్దు. రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లోనూ శాశ్వత నియామకాలు ఏళ్ల తరబడి నిలిచిపోయి, గెస్ట్ ఫ్యాకల్టీతోనే విభాగాలు నడుస్తున్నాయి. వస్తే మంచి ఉద్యోగమే, ప్రవేశ మూలవేతనం 57,700. కానీ దాని కోసమే కూర్చోనక్కర్లేదు. కేంద్ర శాఖల్లో కన్సల్టెంట్లు, హైదరాబాద్‌లోని యూనిసెఫ్ ఫీల్డ్ ఆఫీసు, కార్పొరేట్ సీఎస్‌ఆర్ విభాగాల మూల్యాంకన బృందాలు, మిషన్ వాత్సల్య కింద జిల్లా బాలల సంరక్షణ విభాగాలు సమాచారాన్ని సేకరించి, విశ్లేషించి, తేలికగా చదివించేలా నివేదిక రాయగలవారిని వెతుకుతున్నాయి. ఇంగ్లిషులో నివేదిక, తెలుగులో గ్రామసభలో వివరణ రెండూ చేయగలవారు నిజంగానే తక్కువ.

ఇప్పుడు ఎంఎస్‌డబ్ల్యూ రెండో ఏడాదిలో ఉన్నవారు ఈ వారంలోనే మొదలుపెట్టాల్సినవి కొన్ని ఉన్నాయి. మీ కుల, ఆదాయ, క్రీమీలేయర్ ధ్రువపత్రాలు కేంద్ర నమూనాలో ఉన్నాయో లేదో చూసుకోండి. రాష్ట్ర నమూనా పత్రం పట్టుకుని చివరి తేదీన మీసేవ చుట్టూ తిరిగేవారు ప్రతి విడతలోనూ ఉంటారు. పదో తరగతి సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో చూడండి, తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. నెట్ సమాచార బులెటిన్‌లో ఎస్సీ, ఓబీసీ ఫెలోషిప్‌ల భాగాన్ని వదలకుండా చదవండి. ఈ సెమిస్టర్ ఫీల్డ్ వర్క్ రికార్డును మార్కుల కోసం నింపే పుస్తకంగా కాక, తేదీలు, ఖర్చులు, అన్న మాటలు యథాతథంగా రాసుకునే డైరీగా రాయండి. మీ సినాప్సిస్ మొదటి పేజీకి కావాల్సిన ముడిసరుకు అందులోంచే వస్తుంది.